రెండు పెనాల నడుమ

మా చెల్లెలు తణుకు నుంచి పెళ్లి పిలుపులకని సికింద్రాబాద్ వచ్చి, వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ఇంట్లో దిగింది. సరిగ్గా అదే వారం మా ఆవిడ వాఫిల్ మిషన్ కొన్నది. ఇద్దరూ వంటలో చెయ్యి తిరిగినవాళ్లు. ఇద్దరికీ నోరు కూడా అంతే తిరుగుతుంది. ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర మొదలైన వాదన పదకొండింటి దాకా సాగింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట్ల ఒకరి తరువాత ఒకరిని పెట్టి రాశాను. నా మాటలు పెద్దగా లేవు. మాట్లాడనిస్తేగా!

మరదలు: అట్ల పెనం ఉంది, ఇడ్లీ పాత్ర ఉంది, పొంగణాల పెనం ఉంది. అటక మీద శాండ్‌విచ్ మిషన్ దుమ్ము కొట్టుకుని పడుంది, నేనే చూశాను. ఇప్పుడు ఇదొకటా వదినా? సంక్రాంతి నాటికి ఇదీ దాని పక్కకే ఎక్కుతుంది.

వదిన: శాండ్‌విచ్ పెనం మీద కూడా అవుతుంది, అందుకే ఆ మిషన్ అటకెక్కింది. వాఫిల్ పెనం మీద కాదు. పైనా కిందా ఒకేసారి కాలాలి, పిండి ఆ గళ్లలోకి దిగి గట్టిపడాలి.

మరదలు: గళ్లుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? నోట్లో వేసుకున్నాక అన్నీ ఒకటే.

వదిన: రుచంతా గళ్లదేనమ్మాయ్. ఒక్కో గుంటకి నాలుగు గోడలు, ఒక అడుగు. అన్నీ కాలతాయి. అట్టులో కరకరలాడే అంచు ముక్క కోసం నువ్వూ మీ అన్నయ్యా చిన్నప్పుడు కొట్టుకునేవారట కదా, మీ అమ్మగారు చెప్పారు. ఇందులో ఎక్కడ తుంచినా అంచే.

మరదలు: పైనా కిందా కాలడం మాకు కొత్తేం కాదు. మా నాయనమ్మ దిబ్బరొట్టె ఎలా కాల్చేదో అన్నయ్యనడుగు. కుంపటి మీద ఇనప మూకుడు, చేతికి ధారాళంగా నూనె, రెండంగుళాల మందాన మినప్పిండి, పైన పళ్లెం మూసి ఆ పళ్లెం మీద కూడా నిప్పులు. పైన ఎర్రగా పెటపెటలాడుతుంది, లోపల దూదిలా ఉంటుంది. ప్లగ్గూ లేదు, స్విచ్చూ లేదు.

వదిన: ఎంతసేపు కాలాలి?

మరదలు: సన్న సెగ మీద అరగంట. తొందరపడితే బయట మాడుతుంది, లోపల పచ్చిపిండి.

వదిన: అంతకుముందు నానబెట్టేదెంతసేపు? రుబ్బేదెంతసేపు? ఇది మూత వేశాక నాలుగైదు నిమిషాలు. పిల్లలు అడిగి, పళ్లు తోముకుని వచ్చేలోపు పిండి సిద్ధం.

మరదలు: అదే నాకు నచ్చనిది. రాత్రంతా పొంగిన పిండికి ఒక వాసన, ఒక పులుపు ఉంటాయి. నీ పిండి పొంగేది బేకింగ్ పౌడరుతో. డబ్బాలోంచి తీసిన పొంగు!

వదిన: బేకింగ్ పౌడర్ని అంత తీసిపారెయ్యకు. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణమాయన చేశాడు. ఎందుకో తెలుసా? వాళ్లావిడకు ఈస్టు పడేది కాదు. అంతకు ఆరేళ్ల ముందు, ఆవిడకి గుడ్డు కూడా పడదని, గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు. భార్య కోసం రెండుసార్లు వంటింట్లోకి వెళ్లిన మహానుభావుడు.

(ఇక్కడ ఇద్దరూ నా వైపు చూశారు. నేను పేపరు తిరగేశాను.)

మరదలు: సరే, ఆయన మంచివాడే. అయినా సోడా, పులుపు తడిలో కలిస్తే గ్యాసు వస్తుంది, పిండి పొంగుతుంది, అంతేగా? నా మినప్పిండిలో కూడా గ్యాసే. కాకపోతే అక్కడ సూక్ష్మజీవులు రాత్రంతా పనిచేసి గ్యాసుతోపాటు రుచి కూడా పెట్టి వెళ్తాయి. మినప్పప్పులోని జిగురు ఆ బుడగల్ని పోనివ్వకుండా పట్టుకుంటుంది. నీ పౌడరు గాలి ఊది ఊరుకుంటుంది.

వదిన: అది ఒప్పుకుంటా. అందుకే వాఫిల్‌కి రుచి వెన్న నుంచి రావాలి. రాసుకో: మైదా కప్పు, కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు, బేకింగ్ పౌడర్ చిన్న చెంచాన్నర, పంచదార రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. వేరే గిన్నెలో ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, కరిగించి చల్లార్చిన వెన్న పావు కప్పు. గుడ్డు తినని ఇల్లయితే పావు కప్పు పెరుగు, పావు చెంచా వంటసోడా. అప్పుడు బేకింగ్ పౌడర్ చెంచాకి తగ్గించాలి.

మరదలు: పావు కప్పు వెన్నా! దాంతో మా ఇంట్లో వారం గడుస్తుంది.

వదిన: వెన్న తగ్గిస్తే వాఫిల్ సాగుతుంది. వేడికి పిండిలో నీళ్లు ఆవిరైపోవాలి, పైపొర ఆ కొవ్వులో వేగాలి. అప్పుడే కరకర. కార్న్‌ఫ్లోర్ కూడా అందుకే, దానికి మైదాకున్న సాగుడు ఉండదు. ఇక ముఖ్యమైనది, పొడిలో తడి పోశాక పదిపదిహేను తిప్పులకు మించి తిప్పకూడదు. ఉండలు మిగిలినా పర్లేదు.

మరదలు: ఉండలున్న పిండితో అట్టు పోస్తే మా అత్తగారు నన్ను పిండి గిన్నెతో సహా బయట నిలబెడతారు.

వదిన: మైదాని ఎంత గిలక్కొడితే అంత జిగురు సాగుతుంది. తరువాత నమలలేక పళ్లు నొప్పి పుడతాయి. ఉండలు పది నిమిషాల్లో వాటంతటవే నానిపోతాయి.

(పచ్చలైటు వెలిగాక మా ఆవిడ గరిటెడు పిండి సరిగ్గా నడిమధ్యన పోసింది. అంచుల దాకా తొయ్యకుండానే మూత వేసింది. పక్కల నుంచి ఆవిరి బుస్సుమని ఎగిసింది. చెల్లెలికి కాలుతున్నది ఎలా ఉందో చూసే అలవాటు, చెయ్యి మూత మీదకి వెళ్లింది. మా ఆవిడ మణికట్టు పట్టుకుంది.)

వదిన: ఆవిరి వస్తున్నంతసేపూ ముట్టుకోకు. ఇప్పుడు ఎత్తితే సగం పైపెనానికి, సగం కిందిపెనానికి అంటుకుని నడిమికి చీలిపోతుంది. మిషన్ చెప్పే లైటు కన్నా ఆవిరి చెప్పేదే నిజం. ఆవిరి సన్నగిల్లాక ఇంకో అరనిమిషం ఆగి ఎత్తితే దానంతటదే వదులుతుంది.

మరదలు: తీసి పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చెయ్యడమేనా?

వదిన: అమ్మో, పేరిస్తే కింది దాని ఆవిరి పై దానికి పట్టి రెండూ మెత్తబడతాయి. ఇదిగో, చిల్లుల పళ్లెం బోర్లించి దాని మీద విడివిడిగా. కిందనుంచి గాలి ఆడాలి.

మరదలు: ఇన్ని పథ్యాలున్నదాన్ని పట్టుకుని సులువంటావేం?

వదిన: నీ దిబ్బరొట్టెకి లేవా? నీకు చేతికి వచ్చేశాయి కనక పథ్యాల్లా కనిపించవు.

(నాకు ఈ మాట నచ్చింది. పైకి అనలేదు.)

మరదలు: పోనీ. కానీ వదినా, మన ఇంటి పిల్లలకి మన తిండి కాకుండా ఎక్కడో బెల్జియం తిండి అలవాటు చెయ్యడం ఎందుకు? సందు చివర దుకాణంలో పుల్లకి గుచ్చి, చాక్లెట్ పోసి రెండొందలకు అటూ ఇటూగా అమ్ముతున్నారు. అది చూసి ఇదంతా.

వదిన: దుకాణంలో దానికన్నా ఇంట్లో మేలు కదా. అయినా ఎక్కడిదో అంటే నాకు నవ్వొస్తుంది. నేను మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. మా నాన్నగారు లాలాగూడ వర్క్‌షాపులో పని. 1893 నుంచి ఉంది అది. చుట్టూ ఆంగ్లో ఇండియన్ ఇళ్లు. క్రిస్మస్‌కి వారం ముందు మా పక్కింటి ఆంటీ గులాబీ పువ్వులు వేసేది. వాళ్లు రోజ్ కుకీస్ అంటారు. పొడుగు కాడకి ఇనప పువ్వు. ముందు అచ్చుని కాగే నూనెలో ముంచి వేడెక్కించాలి. తీసి పిండిలో ముప్పాతిక వరకే ముంచాలి. పై అంచు మునిగిందా, పువ్వు అచ్చుని కరుచుకుని ఊడి రాదు. మళ్లీ నూనెలో పెట్టి, కాస్త గట్టిపడగానే కాడని మెల్లిగా కదిపితే పువ్వు జారి తేలుతుంది. కొత్త అచ్చుకి ముందు పువ్వులు రావు. గంజిలో నానేసి, నూనె పట్టించి మచ్చిక చెయ్యాలి. మేం పిల్లలం చుట్టూ కూచునేవాళ్లం, విరిగినవి మావి.

మరదలు: గులాబీ పువ్వులు మాకు తెలియకనా! మా అత్తగారి చేతివి తింటే నువ్వు ఆంటీని మర్చిపోతావు. అవి మనవే.

వదిన: మనవే. కేరళ వాళ్లు అచ్చప్పం అని చేసుకుని వాళ్లవే అంటారు. స్వీడన్‌లో, నార్వేలో అదే అచ్చు, అదే నూనె, వాళ్లకీ క్రిస్మస్ వంటే. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్లిందో గానీ, ఇప్పుడు మీ అత్తగారిదైంది. మా మనవరాలు కూడా ఓ రోజు వాఫిల్ మా నాయనమ్మదే అంటుంది.

ఇక్కడ నా మాట ఒకటి. 1806లో బ్రిటిష్ కంటోన్మెంటుగా మొదలై, మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరు ఇది. 1874లో రైలొచ్చింది. పటాలంతోనూ రైలుతోనూ వచ్చిన తిండిని తనది చేసుకోవడం సికింద్రాబాద్‌కి రెండు వందల ఏళ్ల అలవాటు. స్టేషను ఎదుట ఇరానీ చాయ్‌లో బిస్కెట్టు ముంచుకునేవాణ్ణి ఎవరూ అది ఎక్కడిదని అడగరు. వాఫిల్ ఆ వరుసలో ఆఖర్న వచ్చింది కనక మా చెల్లెలికి ఇంకా పరాయిదిగా కనిపిస్తున్నది.

మరదలు: అయితే ఈ మిషన్ కూడా ఆ అచ్చుకి చుట్టమే అంటావు.

వదిన: దగ్గరి చుట్టం. యూరపులో వందల ఏళ్ల కిందట పొడుగు కాడల పటకారులా ఉండేది, రెండు ఇనప పలకల మధ్య పిండి పెట్టి నిప్పుల మీద అటూ ఇటూ తిప్పేవాళ్లు. 1869లో అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన పొయ్యి మీద పెట్టి తిప్పుకునే దానికి పేటెంట్ తీసుకున్నాడు. కరెంటువి గత శతాబ్దంలోవి. బెల్జియం వాఫిల్ అని ఊరూరా పేరు పడ్డది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో, బెల్జియం నుంచి వెళ్లిన ఒక కుటుంబం స్ట్రాబెర్రీలూ మీగడా పెట్టి అమ్మాక.

మరదలు: కరెంటన్నావు. బిల్లెంత?

వదిన: 750 వాట్ల మిషన్. నలభై నిమిషాలు నడిస్తే అర యూనిట్.

మరదలు: ఊఁ. మరి మీదకి ఏం పోస్తావు? ఆ మేపుల్ పాకమా?

వదిన: చిన్న సీసా ధర చూసి అక్కడే పెట్టేశాను. నలభై లీటర్ల చెట్టుపాలు మరిగిస్తే లీటరు వస్తుందట, ఆ ధర ఉండదూ మరి.

(చెల్లెలు లేచి గదిలోకి వెళ్లి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చిన సీసా పట్టుకొచ్చింది. చెరకు పానకం. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె పక్కన ఇది లేకపోతే పళ్లెం నిండదు. బెల్లం వండేటప్పుడు గట్టిపడకముందే తీసిన పాకం, తేనె రంగు, తేనె చిక్కదనం.)

మరదలు: ఇది దిబ్బరొట్టె కోసం తెచ్చింది. నీ మైదా మీద పోస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

వదిన: ఒక్క గుంటలో పొయ్యి. పారదు చూడు, ఎక్కడిదక్కడే నిలుస్తుంది. దిబ్బరొట్టె మీద పోస్తే పళ్లెంలోకి జారిపోతుంది, నువ్వు వేళ్లతో నాకుతావు.

(ఆ వాఫిల్ సగం దాకా మాటలు లేవు.)

మరదలు: బాగుంది. పానకం వల్ల. అయితే పిండిలోనే కాస్త బెల్లం కలిపేస్తే?

వదిన: వద్దు. బెల్లం తొందరగా మాడుతుంది, పెనానికి పట్టేస్తుంది. తీపి ఎక్కువ కావాలంటే పైనే పోసుకోవాలి.

మరదలు: ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉందిగా, పోసి చూస్తా. అడ్డు చెప్పకు.

వదిన: రెండు చెంచాల నూనె కలుపు, పెనాలకి కూడా రాయి. లేకపోతే గీకలేక చస్తాం.

(వచ్చింది. రెట్టింపు సమయం పట్టింది, రంగు తెల్లగానే ఉండిపోయింది. పైన మాత్రం గట్టిగా పెళపెళలాడింది. పిల్లలు కొబ్బరి చట్నీ గుంటల్లో నింపుకుని తిన్నారు.)

మరదలు: చూశావా! నీ మిషన్‌లో మా పిండే నెగ్గింది.

వదిన: తిను, కాదనను. దాన్ని వాఫిల్ అని మాత్రం అనకు. పోయినసారి ఎవరో చెప్పారని జొన్నపిండితో చేశాను. 2023 చిరుధాన్యాల ఏడాది అన్నారు కదా, ఆ ఊపు ఇంకా తగ్గలేదు. జొన్నకి జిగురు లేదు, మూత ఎత్తగానే నాలుగు ముక్కలు. సగం మైదా కలిపితే నిలబడింది. ఆరోగ్యం కోసం తినే రోజున జొన్నరొట్టె తిందాం, ఎవరు వద్దన్నారు? నెలకో రెండు నెలలకో వాఫిల్ తినే రోజున వెన్నతోనే తిందాం. రెండూ కలిపి రెంటినీ చెడగొట్టడం దేనికి?

మరదలు: నెలకోసారి దానికి మిషన్ దండగని నేను మొదటే అన్నాను!

వదిన: ఆగు. అసలు సంగతి చెప్తా, నవ్వకు. ఈ ఇంట్లో అట్ల రోజున నేనెక్కడుంటాను?

మరదలు: పొయ్యి దగ్గర.

వదిన: వీళ్లంతా ఇక్కడ. ఇంకోటి, ఇంకోటి అని కేకలు. ఒక్కొక్కటే పోసి, వేడివేడిగా తెచ్చి వెయ్యాలి. నా వంతు వచ్చేసరికి బల్ల ఖాళీ. అడుగు మిగిలిన పిండితో రెండు పోసుకుని నిలబడే తింటాను. నీ ఇంట్లో వేరుగా ఉందా?

మరదలు: ...లేదు.

వదిన: ఈ మిషన్ కూడా ఒక్కొక్కటే చేస్తుంది, ఎక్కువేం కాదు. కానీ దీనికి తీగ ఉంది. బల్ల మీదకి వచ్చింది. నేను కూర్చున్నాను. పిండి గిన్నె నడిమిలో, ఎవరిది వాళ్లు పోసుకుంటున్నారు. పెద్దాడు ఇందాక రెండు పోశాడు, చూశావా? వేడి పెనం కనక చిన్నదాన్ని ముట్టుకోనివ్వను, అంతే. పైగా మిగిలినవి డీప్ ఫ్రీజర్లో పెట్టి, రేపు బడికి వెళ్లేముందు టోస్టర్లో వేస్తే మళ్లీ కరకరలాడతాయి. అమెరికాలో 1950ల నుంచి ఎగ్గో అని అలా గడ్డకట్టినవే అమ్ముతున్నారు. అట్టుని అలా దాచగలవా?

మరదలు: దాచలేను. కానీ నువ్వు ఒకటి మర్చిపోయావు. తినడం అయ్యాక ఆ గుంటల్లో ఇరుక్కున్న పిండి, పక్కలకి కారి ఎండింది, ఎవరు తీస్తారు? దీన్ని కుళాయి కింద పెట్టడానికి లేదు. అట్ల పెనమైతే తడిగుడ్డతో ఒక్క తుడుపు.

వదిన: చల్లారాక మెత్తటి బ్రష్‌తో దులిపి, నూనె గుడ్డతో తుడవాలి. ఇనప పుల్లలు పెట్టి గీకితే పూత పోతుంది.

మరదలు: ఎలాగో అడగలేదు. ఎవరు అన్నాను.

వదిన: మీ అన్నయ్య.

(ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.)

మరదలు: అన్నయ్య పని చేస్తాడంటే మిషన్ దేనికి వదినా? నువ్వు కూర్చోవడమే కదా కావాల్సింది? అన్నయ్యని పొయ్యి దగ్గర నిలబెట్టు. అట్లు ఆయన పోస్తాడు. మూడు వేలో నాలుగు వేలో మిగిలేది.

వదిన: మగవాళ్లు ఈ వైపు వస్తే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. అమెరికాలో బిల్ బౌర్‌మన్ అని పరుగు పందేల కోచ్. నైకీ పెట్టిన ఇద్దరిలో ఒకడు. 1970ల మొదట్లో ఓ రోజు పొద్దున భార్య వాఫిల్ వేస్తుంటే ఆ గళ్లు చూసి, బూటు అడుగుకి ఇవి బాగుంటాయని, రబ్బరు లాంటి మందు తెచ్చి ఆ మిషన్‌లో పోసి మూత వేశాడు. మళ్లీ తెరుచుకుంటే ఒట్టు. అది వాళ్ల పెళ్లికి వచ్చిన కానుక.

మరదలు: తరువాత?

వదిన: తరువాత బూట్లు అమ్ముడుపోయాయి, కంపెనీ కోట్లు గడించింది. ఆవిడ వాఫిల్ మిషన్ మాత్రం పోయింది.

మరదలు: అన్నయ్యకి అంత తెలివి లేదులే, మిషన్‌కి భయం లేదు. నేను రేపు దిబ్బరొట్టె వేయిస్తాను. వేస్తాననలేదు, వేయిస్తాను. అరగంట సన్న సెగ మీద కాలే రొట్టెకి కాపలా ఉండటం కష్టమేం కాదు, పేపరు పట్టుకుని నిలబడొచ్చు. నువ్వూ నేనూ బల్ల దగ్గర. ఒక్క రొట్టె కోస్తే నలుగురికి వస్తుంది, నీ మిషన్‌లా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కాదు. అందరం ఒకేసారి తింటాం. దీనికి జవాబు చెప్పు.

వదిన: ...అది బాగానే ఉంది. తిరగెయ్యడం వస్తుందా ఆయనకి?

మరదలు: పళ్లెంలోకి బోర్లించుకుని మళ్లీ మూకుట్లోకి జార్చడమే. మొదటిది విరిగితే విరుగుతుంది, తింటాం. అన్నయ్యా, పేపరు దించు. గ్లాసు పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు ఇప్పుడే నానబొయ్యి, సాయంత్రం రుబ్బాలి.

వదిన: ముందు మిషన్ తుడవమను.